ఇంటర్వ్యూలో మన మాట ఎక్కడ నిలవడం లేదు? లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

కేంద్ర ప్రభుత్వం గ్రూప్-సి ఉద్యోగాలకు, గెజిటెడ్ కాని గ్రూప్-బి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తొలగించింది. సివిల్ సర్వీసుల్లో మొత్తం 2025 మార్కులకు 275 ఇంటర్వ్యూవే అయినా అక్కడిదాకా చేరేవారు కొద్దిమంది. కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ, డిప్లొమా, ఐటీఐ పూర్తిచేసిన యువతకు ఇంటర్వ్యూ ఎదురయ్యేది ఎక్కువగా పైడిభీమవరం మందుల కంపెనీల వాక్-ఇన్‌లలో, బొబ్బిలి గ్రోత్ సెంటర్ పరిశ్రమల్లో, రాజాం, ఎచ్చెర్ల, విజయనగరం కళాశాలల క్యాంపస్ ఎంపికల్లో, జాబ్ మేళాల్లో, కొంతమేరకు బ్యాంకు ఆఫీసరు పోస్టుల్లో. రాతపరీక్షకు నెలల తరబడి చదివేవారు సైతం ఈ కొద్ది నిమిషాల సంభాషణకు ఏ సన్నద్ధతా లేకుండా వెళ్ళి, ‘మళ్ళీ కబురు చేస్తామన్నారు’ అంటూ తిరిగి వస్తుంటారు.

లోపాలను ఒక్కొక్కటిగా చూసే ముందు ఇంటర్వ్యూ గదిలో అసలు ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. అభ్యర్థి బయటికి వెళ్ళాక బోర్డు సభ్యులు ఒక మూల్యాంకన పత్రం నింపుతారు. అభిప్రాయభేదం ఉంటే మాట్లాడుకుంటారు. ఈ మనిషినే ఎందుకు తీసుకోవాలో వారిలో ఒకరు మిగిలినవారికి చెప్పవలసి వస్తుంది. ఆ సమయానికి మీరు ఆ గదిలో ఉండరు. మీ తరఫున మాట్లాడవలసినవారు బల్లకు అవతల కూర్చున్నవారే. అందువల్ల ఒప్పించే నేర్పు అంటే అనర్గళంగా మాట్లాడడమని నేను అనుకోను. మీ గురించి ఇంకొకరికి చెప్పడానికి వీలైన ఒకటి రెండు రుజువులను వారి చేతిలో పెట్టి రాగలగడమే ఆ నేర్పు. కింద చెప్పిన ప్రతి లోపమూ ఏదో ఒక రకంగా ఆ రుజువు వారికి చేరకపోవడం వల్ల కలిగేదే.

లక్షణం: ‘మీ గురించి చెప్పండి’ అనగానే చెప్పడం మొదలుపెడతారు, కాసేపటికే బోర్డు చూపు కాగితాల మీదికి మళ్ళుతుంది

ఈ ప్రశ్నకు మన వైపు అభ్యర్థులు చెప్పే జవాబు దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది: పేరు, ఊరు, తండ్రి వృత్తి, పదో తరగతి శాతం, ఇంటర్ శాతం, డిగ్రీ శాతం, హాబీలు, బలాలు, బలహీనతలు. ఇవన్నీ రెజ్యూమెలో ఉన్నవే, ఆ కాగితం వారి ముందే ఉంది. ప్రశ్నను సరిగా అర్థం చేసుకోకపోవడమే దీనికి కారణం. వారు మీ జీవితచరిత్ర అడగడం లేదు. ఈ ఉద్యోగానికి సంబంధించి మీలో దేని గురించి అడిగితే బాగుంటుందో మీరే దారి చూపమంటున్నారు.

మీ అర్హతను ఒక వాక్యంలో, ఆ పనికి దగ్గరగా మీరు చేసిన ఒక పనిని రెండు మూడు వాక్యాల్లో, ఈ ఉద్యోగాన్నే ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యంలో చెప్పి ఆగిపోవాలి. మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ విభాగానికి వచ్చిన బీఎస్సీ అభ్యర్థి, ‘కెమిస్ట్రీ ప్రధాన సబ్జెక్టుగా ఈ ఏడాది డిగ్రీ పూర్తిచేశాను సార్. ల్యాబ్‌లో టైట్రేషన్లు, పీహెచ్ కొలతలు నేనే స్వయంగా చేసేవాడిని. పీహెచ్ మీటరును 4, 7, 10 బఫర్లతో సరిచూసి, ఆ విలువలు రికార్డులో రాశాకే నమూనా పెట్టేవాడిని. కొలిచే పని మీద ఆసక్తి ఉంది కాబట్టి ప్రొడక్షన్‌కు కాకుండా క్యూసీకి దరఖాస్తు చేశాను’ అన్నాడనుకోండి. తరువాతి ప్రశ్న బఫర్ల (పీహెచ్ విలువ ముందే తెలిసిన ద్రావణాల) మీదనో టైట్రేషన్ల మీదనో వస్తుంది. అంటే మీకు తెలిసిన చోటికే మీరు వారిని తీసుకువెళ్ళారు. తండ్రి వృత్తి అడిగితే చెప్పవచ్చు, అడగనిదే అక్కరలేదు.

లక్షణం: కష్టపడి పనిచేస్తాను, నిజాయితీపరుడిని, జట్టుతో కలిసి పనిచేస్తాను అని చెప్పినా ఎవరూ పట్టించుకోరు

ఆ ఉదయం నుంచి వచ్చిన ప్రతి అభ్యర్థీ ఈ మాటలే చెప్పి వెళ్ళి ఉంటాడు. అందరూ చెప్పే మాట ఎవరినీ వేరుచేసి చూపదు. పైగా గుణం పేరు చెప్పినంత మాత్రాన గుణం ఉన్నట్టు రుజువు కాదు. చిత్రమేమిటంటే, ఇలా చెప్పేవారిలో చాలామందికి నిజంగానే చెప్పుకోదగిన సంఘటనలు ఉంటాయి, కాని అవి ‘చిన్న విషయాలు’ అనుకొని వాటిని ఇంటి దగ్గరే వదిలి వస్తారు.

గుణం పేరు ఎత్తకుండా, ఆ గుణం బయటపడిన ఒక సందర్భాన్ని చెప్పాలి. పరిస్థితి ఏమిటి, మీ మీద పడిన పని ఏమిటి, మీరు ఏం చేశారు, చివరికి ఏమైంది అనే వరుసలో చెబితే నిమిషం పట్టదు. శిక్షణ తరగతుల్లో దీనిని స్టార్ పద్ధతి అంటారు. పేరు ఎలా ఉన్నా వరుస మంచిదే. అయితే మొదటి రెండు భాగాలకే సమయమంతా ఖర్చుచేసి, ‘నేను ఏం చేశాను’ అనే మూడో భాగాన్ని ఒక్క ముక్కలో తేల్చేయడం తరచుగా జరిగే పొరపాటు. సగానికి పైగా సమయం మూడో భాగానికే దక్కాలి.

నిజాయితీ గురించి ఒక ఉదాహరణ: ‘రెండో సంవత్సరం ల్యాబ్‌లో టైట్రేషన్ చేస్తున్నప్పుడు నా రీడింగులు 12.4, 12.9, 12.4 మిల్లీలీటర్లు వచ్చాయి సార్. మధ్యదాన్ని కూడా 12.4 అని రాసేస్తే సరిపోతుందని పక్కవాళ్ళు అన్నారు. నేను రాసింది రాసినట్టే ఉంచి బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి వదిలే గాజు గొట్టం) పరిశీలిస్తే, కింద నాజిల్‌లో గాలిబుడగ కనిపించింది. రెండోసారి అలాంటి బుడగే మధ్యలో బయటికి పోయి ఉంటుందని అర్థమైంది. బుడగ తీసేసి ఇంకో రెండుసార్లు చేశాను. అన్ని రీడింగులూ రికార్డులో చూపించాను.’

ఇందులో నిజాయితీ అనే మాటే లేదు. అయినా మందుల కంపెనీలో పనిచేసినవారికి ఇది ఎంత విలువైన మాటో వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే వారి లాగ్ బుక్కులో తప్పు పడిన అంకె మీద వైట్‌నర్ పూయకూడదు, దిద్ది రాయకూడదు. పాత అంకె చదవడానికి వీలుగా ఒకే గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, సంతకం, తేదీ, కారణం వేయాలి. కొత్తగా చేరేవాడు తప్పును దాచే రకమా, చూపే రకమా అన్నదే వారి అసలు బెంగ. ఆ బెంగ తీర్చే సంఘటన ల్యాబ్‌లో జరిగినదైనా, ఊరి పాల కేంద్రంలో లెక్క రాసినప్పుడు జరిగినదైనా ఒకటే.

లక్షణం: పెద్ద పనిలో పాల్గొన్నారు, కాని మీ పాత్ర ఏమిటో బోర్డుకు అంతుబట్టదు

ఇది అనుభవం ఉన్నవారిలో ఎక్కువ. ‘నేను చేశాను’ అంటే గొప్పలు పోయినట్టవుతుందని మనకు చిన్నప్పటి నుంచి ఉన్న సంకోచం దీనికి మూలం. అందుకే ప్రతి క్రియా ‘చేశాం’, ‘వెళ్ళాం’, ‘పూర్తిచేశాం’ అంటూ బహువచనంలో వస్తుంది, వినేవారికి ఒక గుంపు కనిపిస్తుంది గాని మీరు కనిపించరు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కరెంటు స్తంభాలను వరుసగా పడగొట్టినప్పుడు పునరుద్ధరణలో పనిచేసిన ఒక ఎలక్ట్రీషియన్, ‘తిత్లీ అప్పుడు రాత్రీ పగలూ పనిచేశాం సార్’ అని ఊరుకుంటే, అది గౌరవించదగిన మాటే అయినా, మూల్యాంకన పత్రంలో రాసుకోవడానికి అందులో ఏమీ లేదు.

ఫలితాన్ని జట్టుకు ఇచ్చి, మీ చేతులతో చేసిన పనిని మీ పేరున చెప్పుకోండి. ‘మా జట్టు మూడు ఊళ్ళకు సరఫరా తిరిగి తెచ్చింది. అందులో నా బాధ్యత సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపామన్న అనుమతి) వచ్చిందని రూఢి చేసుకోవడం, పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్తింగ్ వేయించడం, పని ముగిశాక స్తంభాల మీద ఎవరూ లేరని మనుషులను లెక్కపెట్టుకొని అప్పుడు ఎల్సీ తిరిగి ఇవ్వడం’ అంటే గొప్ప పోయినట్టు కాదు. ఆ మనిషిని ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ విభాగంలో నిశ్చింతగా పెట్టుకోవచ్చని బోర్డుకు తెలిసింది. జట్టుకు దక్కవలసిన పేరును మీరేమీ లాక్కోలేదు కూడా.

లక్షణం: ఇంగ్లీషు వాక్యం సగంలో తెగిపోతుంది, ఆ తరువాత తెలిసిన విషయం కూడా నోటికి రాదు

జవాబును తెలుగులో ఆలోచించి, ఒక్కొక్క మాటనూ ఇంగ్లీషులోకి మార్చుకుంటూ పొడవైన వాక్యం కట్టబోవడం ఒక కారణం. వేరెవరో రాసిచ్చిన జవాబును బట్టీపట్టడం రెండో కారణం. బట్టీపట్టినదానిలో ఒక్క మాట జారితే తక్కినదంతా దానితోపాటే పోతుంది.

వాక్యాలను చిన్నవి చేసుకోండి. ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. పనిముట్ల పేర్లు, పద్ధతుల పేర్లు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి వాటి ఉచ్చారణ మాత్రం ముందే సరిచూసుకోండి. బట్టీపట్టవలసింది జవాబును కాదు, జవాబులోని వరుసను: మూడు నాలుగు మాటలు గుర్తుంటే మిగిలినది అప్పటికప్పుడు చెప్పవచ్చు, ప్రతిసారీ కొంచెం వేరుగా వచ్చినా నష్టం లేదు. అయినా చిక్కుకుపోతే, ‘సార్, ఈ భాగం తెలుగులో వివరించవచ్చా?’ అని స్పష్టంగా అనుమతి అడగండి. ప్లాంటులో చేసే పని, మెయింటెనెన్స్, ల్యాబ్, స్థానిక మార్కెటింగ్ వంటి ఉద్యోగాలకు చాలామంది ఒప్పుకుంటారు. సివిల్స్ ఇంటర్వ్యూనే తెలుగులో ఇవ్వడానికి వీలున్నప్పుడు ఈ మాట అడగడానికి జంకు అక్కరలేదు. ఐతే విదేశీ ఖాతాదారులతో ఫోనులో మాట్లాడే ఉద్యోగానికి వెళ్ళి ఇలా అడిగితే ప్రయోజనం ఉండదు. అక్కడ ఇంగ్లీషే పని.

యాస గురించి కూడా ఒక మాట చెప్పాలి. ‘ఏటండి’, ‘వచ్చీసినాను’ అన్నందుకు ఉద్యోగం పోయిందని చెప్పేవారున్నారు. నేను చూసినంతవరకు బోర్డుకు ఇబ్బంది కలిగించేది యాస కాదు, యాస దాచుకోబోయి వాక్యాన్ని మింగేయడం. వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీకాకుళానికి దగ్గరలోని పర్వతాలపేటలోనే. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న మనం మన మాటతీరును చూసి మనమే సిగ్గుపడడం వింతగా ఉంటుంది. ముఖ్యమైన వాక్యాలను నిదానంగా, చివరి అక్షరం వినపడేలా పలకండి, చాలు. టీవీ యాంకర్ల ధోరణిని అరువు తెచ్చుకుంటే మాత్రం రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

లక్షణం: తెలియని ప్రశ్న రాగానే మౌనం, లేదా ఏదో ఒకటి చెప్పేయడం

కారణం భయమే. దాని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. మౌనం కన్నా కల్పించి చెప్పడం ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే తెలియకపోతే కల్పించే అలవాటు రేపు రికార్డుల్లోకి కూడా వస్తుందని వారు అనుమానిస్తారు. ‘ఇది నాకు తెలియదు సార్’ అని ముందు ఒప్పుకొని, దానికి దగ్గరగా మీకు తెలిసినదాన్ని ఒక వాక్యంలో చెప్పి, ఆగండి. కార్ల్ ఫిషర్ టైట్రేషన్ గురించి అడిగారు, మీరు చేయలేదు. ‘అది నమూనాలోని నీటి శాతం తెలుసుకోవడానికని చదివాను, చేసే అవకాశం రాలేదు. తేమకు సంబంధించి ఓవెన్‌లో ఎండబెట్టి బరువు తగ్గుదల చూసే పద్ధతి చేశాను’ అంటే వారు ఆ రెండోదాని గురించి అడుగుతారు. ఇలా తప్పించుకునే మార్గాన్ని ప్రతి ప్రశ్నకూ వాడకూడదు. మూడుసార్లు ‘తెలియదు’ వస్తే లోపం మాట్లాడే తీరులో లేదు, చదువులో ఉంది.

లక్షణం: ‘డీఎస్సీ పడితే వెళ్ళిపోతారు కదా?’ అన్న ప్రశ్న దగ్గర మొత్తం కూలిపోతుంది

మన రెండు జిల్లాల అభ్యర్థులకు ఇంతకన్నా పెద్ద గండం లేదు. డిగ్రీ తరువాత మూడు నాలుగేళ్ళు కోచింగ్‌లో గడపడం ఇక్కడ సర్వసాధారణం. డీఎస్సీ, గ్రూప్-2, కానిస్టేబుల్, రైల్వే, ఏదో ఒక నోటిఫికేషన్ కోసం ఎదురుచూడని ఇల్లు అరుదు. 2025లో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు మెగా డీఎస్సీ వచ్చినప్పుడు ప్రైవేటు ఉద్యోగాల్లో ఉన్నవారు కూడా పుస్తకాలు దులిపారు. ఈ సంగతి యాజమాన్యాలకు బాగా తెలుసు. రెజ్యూమెలో బీఈడీ కనిపించగానే వారి మనసులో మెదిలేది ఒకటే: ఆరు నెలలు పని నేర్పించాక ఇతను వెళ్ళిపోతే మళ్ళీ మొదటికి రావాలి.

ఇక్కడ అభ్యర్థి మూడు విధాలుగా దెబ్బతింటాడు. ‘లేదు సార్, జీవితాంతం ఇక్కడే ఉంటాను’ అని ఒట్టు పెట్టినంత పని చేస్తాడు, దాన్ని ఎవరూ నమ్మరు. లేదా ఖాళీ సంవత్సరాల గురించి అడిగితే తడబడి, ‘ఆరోగ్యం బాగాలేదు’ వంటి కథ అల్లుతాడు. లేదా బీఈడీని రెజ్యూమెలోంచి తీసేస్తాడు. అప్పుడు ఆ రెండేళ్ళు మరింత పెద్ద ఖాళీగా మారి ఇంకా ఇబ్బందికరమైన ప్రశ్నను తెచ్చిపెడతాయి. తీసేయమని సలహా ఇచ్చే అనుభవజ్ఞులు ఉన్నారని తెలుసు. వారితో నేను ఏకీభవించను.

నిజాన్ని ముందు ఒప్పుకోవాలి, తరువాత దానికి హద్దు గీయాలి, ఆపైన వారి నష్టభయాన్ని తగ్గించే మాట ఒకటి చెప్పాలి. ఆ వరుసను మార్చకూడదు. ఒప్పుకోకుండా భరోసా ఇస్తే అది బుకాయింపులా వినిపిస్తుంది. ప్రిపరేషన్ మానేసిన అభ్యర్థి ఇలా చెప్పవచ్చు: ‘అవును సార్, రెండుసార్లు డీఎస్సీ రాశాను, రాలేదు. ఇక ఆ ప్రయత్నం ఆపాలని నిర్ణయించుకున్నాక అకౌంట్స్‌లో ట్యాలీ, జీఎస్టీ నేర్చుకొని, మా ఊళ్ళో ఎరువుల దుకాణానికి లెక్కలు చూస్తున్నాను. ఆ పుస్తకాలు మీకు చూపించలేను గాని, నేను నెలనెలా ఏమేం చేస్తానో చెప్పగలను.’ ఇక్కడ నమ్మించేది ‘ఆపాను’ అన్న మాట కాదు, ఆపిన తరువాత చేసిన పని. కాబట్టి ఇంకా అలాంటి పని ఏదీ మొదలుపెట్టకపోతే, ఇంటర్వ్యూకు జవాబు తయారుచేసుకోవడం కన్నా ఆ పని మొదలుపెట్టడమే ముందు చేయవలసినది.

నిజంగా ఇంకా చదువుతూనే ఉన్నారనుకోండి. అబద్ధం చెప్పనక్కరలేదు, అడగనిది విప్పి చెప్పనూ అక్కరలేదు. సూటిగా అడిగితే, ‘పరీక్ష రాసే ఆలోచన ఉంది సార్. కాని ఎప్పుడు వెళ్ళినా నోటీసు పీరియడ్ పూర్తిచేసి, పని వేరొకరికి అప్పగించే వెళ్తాను. ఉన్నన్నాళ్ళూ సెలవులు మీ పని చూసుకొనే పెడతాను’ అనవచ్చు. దీనితో కొన్ని ఉద్యోగాలు చేజారతాయి. మనుషులు తరచుగా మారే విభాగాల్లో మాత్రం దీన్ని మెచ్చుకొని తీసుకునేవారు ఉంటారు. ఈ భయంతోనే కొందరు బాండు రాయమంటారు. ఆ గదిలోనే తల ఊపకుండా, ‘ప్రతి ఇవ్వండి, చదువుకొని రేపు చెబుతాను’ అనడం మర్యాదకు ఏమీ లోపం కాదు.

ఆడపిల్లలకు ఇదే అనుమానం వేరే రూపంలో ఎదురవుతుంది: ‘పెళ్ళయ్యాక మానేస్తారా?’ అడగకూడని ప్రశ్నే అది, అయినా అడుగుతున్నారు. కోపగించుకుంటే ఉద్యోగం పోతుంది, పెళ్ళి ఆలోచనలన్నీ చెప్పుకుంటే మర్యాద పోతుంది. ప్రశ్న వెనక ఉన్న పని సంగతికే జవాబివ్వండి: ‘షిఫ్టుల గురించి, ఎంతకాలం ఉంటాననే దాని గురించి అడుగుతున్నారనుకుంటాను మేడమ్. బస్సు రణస్థలం దాకా వస్తే బీ షిఫ్టుకు కూడా ఇబ్బంది లేదు. రెండేళ్ళలో ఈ విభాగంలో సొంతంగా పనిచేసే స్థాయికి రావాలన్నది నా ఉద్దేశం.’

లక్షణం: ఇంటి కష్టాలు చెప్పుకున్నా, సంస్థను పొగిడినా ఫలితం శూన్యం

‘నాన్నగారికి ఒంట్లో బాగుండదు సార్, చెల్లి పెళ్ళి చేయాలి, ఎలాగైనా ఈ ఉద్యోగం ఇప్పించండి’ అనే అభ్యర్థన మన ప్రాంతంలో తరచుగా వింటాం. కష్టం నిజమే కావచ్చు, వినేవారికి జాలి కలగవచ్చు. కాని మీ అవసరం మీ వైపు కారణం. వారికి కావలసినది వారి వైపు కారణం. మూల్యాంకన పత్రంలో ‘కుటుంబ పరిస్థితి’ అనే గడి ఉండదు. పైగా మీ చేత పని చేయించుకోవడం కష్టమవుతుందేమో అన్న శంక కూడా మొదలవుతుంది. కుటుంబ బాధ్యత చెప్పాలనిపిస్తే దాన్ని పనికి ముడిపెట్టి చెప్పండి: ‘ఇంటి బాధ్యత నా మీద ఉంది కాబట్టి ఉద్యోగం మారే ఆలోచన త్వరగా పెట్టుకోను’ అన్నది ఒకే వాక్యం, అది వారికి ఉపయోగపడే సమాచారం.

పొగడ్త విషయం ఇంకా సులభం. ‘మీది చాలా గొప్ప కంపెనీ’ అనడానికి ఏమీ చదవనక్కరలేదని వారికి తెలుసు. వారు ఏం తయారుచేస్తారు, ఆ ప్లాంటులో ఏ విభాగాలున్నాయి, మీరు అడుగుతున్న పని వాటిలో ఎక్కడ వస్తుంది అన్నవి ముందురోజు తెలుసుకొని ఒకచోట ప్రస్తావిస్తే, పొగడ్త చేయలేని పని అది చేస్తుంది.

లక్షణం: జీతం అడిగితే ‘మీ ఇష్టం సార్’ అని, చేరాక బాధపడడం

అంకె చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఒకవైపు, చెప్పిన అంకె చేతికి వచ్చేదో కాదో తెలియకపోవడం మరోవైపు. సీటీసీ, అంటే మీ మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు, నెలకు 20,000 అంటే చేతికి 20,000 రాదు. బేసిక్, డీఏ కలిపి 15,000 ఉంటే అందులో 12 శాతం, అంటే 1,800 రూపాయలు ఉద్యోగి వాటా పీఎఫ్‌గా కోతపడుతుంది. యాజమాన్యం కట్టే 1,800ను కూడా చాలా సంస్థలు సీటీసీలోనే కలిపి చూపుతాయి. అంటే అక్కడే 3,600 తేడా. ఈఎస్ఐ, వృత్తిపన్ను ఆపైన. కాబట్టి అంకె ఒప్పుకునే ముందు ‘ఇది సీటీసీనా సార్, చేతికి వచ్చేదా? బస్సు, క్యాంటీన్ అందులోనే ఉన్నాయా?’ అని అడగడం హక్కు, అమర్యాద కాదు.

మీ అంకెను ఒక పరిధిగా చెప్పి, దాని పక్కనే కారణం పెట్టండి. ‘ఇక్కడ ఫ్రెషర్లకు ఇస్తున్నది తెలుసుకొని వచ్చాను, చేతికి 15,000 నుంచి 17,000 వరకు ఆశిస్తున్నాను’ అంటే అది బేరంలా వినిపించదు. ఆ అంకెలు ఉదాహరణకే. మీ సీనియర్లను ఇద్దరు ముగ్గురిని అడిగి మీవి నిర్ణయించుకోండి. చెప్పాక మౌనంగా ఉండడం మరచిపోవద్దు. అవతలివారు బదులివ్వకముందే ‘కొంచెం తగ్గినా పరవాలేదు సార్’ అని మనమే దిగిపోవడం చాలామందికి ఉన్న అలవాటు.

ఇంకొన్ని చిన్న చిక్కులు

మీరు మాట్లాడుతుంటే బోర్డు సభ్యుడు తల దించుకొని రాసుకుంటున్నాడా? అది నిర్లక్ష్యం కాకపోవచ్చు, మీరు చెప్పినదే రాసుకుంటూ ఉండవచ్చు. గొంతు పెంచకుండా, ఆపకుండా కొనసాగించండి.

ఫోనులోనో వీడియోలోనో ఇంటర్వ్యూ అయితే సిగ్నల్ నిలిచే చోటును ముందురోజే చూసుకోండి. ఊళ్ళో కష్టమైతే బంధువుల ఇంటికో టౌనుకో వెళ్ళడం మేలు. మాట తెగిపోతే మొదటి నుంచి మొదలుపెట్టకుండా, ‘ఎంతవరకు వినిపించింది సార్?’ అని అడిగి అక్కడి నుంచి చెప్పండి.

చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటే ‘ఏమీ లేదండి’ అనేవారే ఎక్కువ. ‘చేరిన మొదటి మూడు నెలల్లో ఈ పోస్టులో ఉన్నవారు ఏయే పనులు నేర్చుకోవాలని మీరు ఆశిస్తారు?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. వారు జవాబిస్తున్నంతసేపూ మిమ్మల్ని ఆ కుర్చీలో ఊహించుకుంటూనే ఉంటారు. వారి జవాబులో మీకు ముందే వచ్చిన పని ఏదైనా ఉంటే అప్పుడు ఒక వాక్యంలో చెప్పవచ్చు.

లక్షణం: ‘కబురు చేస్తాం’ అన్నారు, తరువాత ఏ కబురూ లేదు

వచ్చినవారు ఎక్కువ కావడం, నిర్ణయించేవారు వేరే ఊళ్ళో ఉండడం, పోస్టే వాయిదా పడడం, లేదా వేరొకరిని తీసుకోవడం, వీటిలో ఏదైనా కావచ్చు. బయటికి వచ్చేముందే ‘ఎప్పటిలోగా తెలుస్తుంది సార్? ఎవరిని సంప్రదించాలి?’ అని అడిగి మెయిల్ చిరునామా తీసుకోండి. అదే సాయంత్రం నాలుగు వాక్యాల్లో మెయిల్ పంపండి: ఏ తేదీన ఏ పోస్టుకు వచ్చారో ఒకటి, అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞత ఒకటి, ఇంటర్వ్యూలో మీరు చెప్పిన ఒక రుజువును గుర్తుచేసేది ఒకటి, ఎప్పటి నుంచి చేరగలరో ఒకటి. బ్యూరెట్‌లోని గాలిబుడగ సంగతి చెప్పిన అభ్యర్థి ఆ మూడో వాక్యంలో ‘టైట్రేషన్ రీడింగులను మార్చకుండా రికార్డు చేసిన సంగతి మీతో పంచుకున్నాను’ అని రాస్తే, యాభై దరఖాస్తుల్లో ఇతనెవరో వారికి గుర్తుకొస్తుంది.

వారు చెప్పిన గడువు దాటాక రెండు మూడు పనిదినాలు ఆగి ఒకసారి ఫోను చేయవచ్చు, ఉదయం పది, పదకొండు గంటల మధ్య అయితే మంచిది. ‘నా ఉద్యోగం ఏమైంది?’ అనకుండా, ‘ఫలానా తేదీన క్యూసీ పోస్టుకు వచ్చాను మేడమ్, ఎంపిక ఎంతవరకు వచ్చిందో తెలుసుకుందామని చేశాను’ అనండి. తీసుకోలేదని చెబితే, ఏ విషయంలో మెరుగుపడాలో ఒక్క మాట చెప్పగలరా అని అడగండి. అందరూ చెప్పరు, చెప్పినవారి మాట రాసి పెట్టుకోండి. ఆ రోజు అడిగిన ప్రశ్నలను, మీరు తడబడిన చోట్లను కూడా అదే కాగితం మీద రాసి ఉంచితే, ఆ కంపెనీలో మళ్ళీ వాక్-ఇన్ పడినప్పుడు ఏయే లక్షణాలను సరిచేసుకొని వెళ్ళాలో దాన్ని చూసి నిర్ణయించుకోవచ్చు.